శోషక ద్రావణంతో కార్బన్ డయాక్సైడ్ సేకరణ: టన్నుకు అయ్యే వేడిని తగ్గించే సమగ్ర మార్గదర్శి

పొగ వాయువులోని కార్బన్ డయాక్సైడ్‌ను ద్రావణంతో వేరు చేయడం కొత్త విద్య కాదు. చల్లగా ఉన్నప్పుడు అమీన్ (నైట్రోజన్ గల సేంద్రియ క్షారం) ద్రావణంలోకి ఆమ్ల వాయువును పీల్చుకొని, వేడి చేసి వదిలించే పద్ధతికి 1930లోనే ఆర్. ఆర్. బాటమ్స్ పేరిట అమెరికాలో పేటెంటు వచ్చింది. సహజ వాయువు శుద్ధిలో దశాబ్దాల పాటు నలిగిన ఈ పద్ధతి, 2014లో కెనడాలోని బౌండరీ డ్యామ్ బొగ్గు విద్యుత్ కేంద్రంలో వాణిజ్య స్థాయికి చేరింది. ద్రావణం వాయువును పీల్చుకుంటుందా లేదా అన్న సందేహం ఎన్నడో తీరిపోయింది. ఇప్పుడు తేలవలసిన ప్రశ్న ఒక్కటే: పీల్చుకున్న దానిని వదిలించి, ద్రావణాన్ని మళ్లీ పనికి సిద్ధం చేయడానికి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఎంత వేడి ఖర్చవుతుంది? ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఆ ఒక్క అంకెను తగ్గించడానికే. ఎక్కువ వాయువును పీల్చే ద్రావణమే మంచి ద్రావణమని భావించి పని మొదలుపెట్టేవారు చాలామంది ఉన్నారు. పీల్చిన దానిని సులువుగా విడవని ద్రావణం ప్లాంటుకు భారమే అవుతుంది.

ఇక్కడ వాడే మాటలు కొన్ని ముందే చెప్పుకోవాలి. వాయువు, ద్రావణం ఎదురెదురుగా ప్రవహించే గోపురం అబ్సార్బర్. ద్రావణాన్ని వేడి చేసి వాయువును వదిలించే గోపురం స్ట్రిప్పర్. దాని అడుగున ఆవిరితో వేడినిచ్చేది రీబాయిలర్. ఒక మోల్ అమీన్ ఎన్ని మోల్‌ల కార్బన్ డయాక్సైడ్‌ను మోస్తున్నదో చెప్పే నిష్పత్తి లోడింగ్. వాయువును పీల్చుకొని అబ్సార్బర్ అడుగు నుంచి వచ్చేది రిచ్ ద్రావణం. దానిని వదిలించుకొని తిరిగి అబ్సార్బర్ పైకి వెళ్లేది లీన్ ద్రావణం.

మొదటి మెట్టు: వాయువు సంగతి తెలుసుకోవడం

ద్రావణాన్ని ఎంచుకునే ముందు, శుద్ధి చేయవలసిన వాయువులో కార్బన్ డయాక్సైడ్ ఎంత శాతం ఉందో, దానితో పాటు ఏమేమి వస్తున్నాయో కొలవాలి. బొగ్గు బాయిలర్ పొగలో అది సుమారు 12 నుంచి 14 శాతం ఉంటుంది. గ్యాస్ టర్బైన్ పొగలో సుమారు 4 శాతమే ఉంటుంది. ఈ తేడా చిన్నది కాదు. శాతం తగ్గేకొద్దీ వాయువును ద్రావణంలోకి నెట్టే పాక్షిక పీడనం తగ్గుతుంది, రిచ్ లోడింగ్ తగ్గుతుంది, అదే టన్నుకు మరింత పెద్ద గోపురం కావలసి వస్తుంది.

తరువాతి లెక్క మలినాలది. సల్ఫర్ డయాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే బాగా బలమైన ఆమ్ల వాయువు కాబట్టి, అది ద్రావణంలో చేరి స్ట్రిప్పర్ వేడికి కూడా విడిపోని లవణాలుగా మారుతుంది; ఒక్కో అణువు రెండేసి అమీన్ అణువులను కట్టిపడేస్తుంది. అందుకే అబ్సార్బర్‌లోకి వెళ్లే వాయువులో దానిని 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10) కంటే దిగువకు తేవడం ఆనవాయితీ. వాయువును చల్లబరిచే తొట్టిలోనే కొద్దిగా కాస్టిక్ సోడా కలిపి ఈ పని కానివ్వవచ్చు. నైట్రోజన్ డయాక్సైడ్ పరిమాణం తక్కువే అయినా, ద్వితీయ అమీన్‌లతో (నైట్రోజన్‌కు రెండు కార్బన్ సమూహాలున్నవి; ఒకటే ఉంటే ప్రాథమిక, మూడుంటే తృతీయ) కలిసి నైట్రోసమీన్‌లను పుట్టిస్తుంది. వాటిలో చాలావరకు క్యాన్సర్ కారకాలు కాబట్టి ఈ కొలతను వదిలేయకూడదు. సల్ఫర్ ట్రయాక్సైడ్ ఉంటే సన్నని తుంపరలు ఏర్పడి, అమీన్‌ను గోపురం పైనుంచి బయటికి మోసుకుపోతాయి. అంత సన్నని తుంపరలను గోపురం పైన అమీన్‌ను పట్టడానికి ఉండే మామూలు నీటి కడుగు పట్టలేదు. వాయువు అబ్సార్బర్‌లోకి ప్రవేశించేటప్పటికి దాని ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి.

రెండో మెట్టు: ద్రావణం ఎంపిక

అన్ని ద్రావణాలనూ పోల్చడానికి కొలబద్దగా నిలిచింది 30 శాతం మోనో ఇథనాల్ అమీన్ ద్రావణం, అంటే ఎంఈఏ. ఇది ప్రాథమిక అమీన్. కార్బన్ డయాక్సైడ్‌తో వేగంగా చర్య జరిపి కార్బమేట్‌గా (అమీన్, కార్బన్ డయాక్సైడ్ కలిసి ఏర్పడే అయాన్) మారుతుంది. అయితే ఒక అణువు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టడానికి రెండు అమీన్ అణువులు కావాలి: ఒకటి కార్బమేట్ అవుతుంది, మరొకటి ప్రోటాన్‌ను స్వీకరిస్తుంది. అందువల్ల ఆచరణలో దీని లోడింగ్ 0.5 దగ్గరే ఆగిపోతుంది. పైగా ఆ బంధం గట్టిది. మోల్‌కు సుమారు 85 కిలోజౌల్‌ల వేడి వెలువడుతుంది, విడదీసేటప్పుడు ఆ వేడినంతా తిరిగి చెల్లించాలి.

తృతీయ అమీన్ అయిన మిథైల్ డై ఇథనాల్ అమీన్, అంటే ఎండీఈఏ, కార్బమేట్‌ను ఏర్పరచదు. నీటి సాయంతో కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బనేట్‌గా మారుస్తుంది. ఒక అమీన్‌కు ఒక కార్బన్ డయాక్సైడ్ చొప్పున మోయగలదు, చర్యా ఉష్ణం కూడా మోల్‌కు 55 నుంచి 60 కిలోజౌల్‌ల వరకే. లోపమల్లా వేగం లేకపోవడం. వాతావరణ పీడనంలో ఉండే పొగ వాయువుకు ఒంటరిగా ఇది పనికిరాదు. కొద్దిగా పిపరజిన్ అనే మరో అమీన్ కలిపితే ఆ లోపం తీరుతుంది, ఎందుకంటే పిపరజిన్ ఎంఈఏ కంటే ఎన్నో రెట్లు వేగంగా చర్య జరిపి, పట్టిన వాయువును తృతీయ అమీన్‌కు అందజేస్తుంది. ఏఎంపీ అనే, నైట్రోజన్ పక్కన స్థూల సమూహం అడ్డుగా ఉండే అమీన్‌ను పిపరజిన్‌తో కలిపిన మిశ్రమం కూడా ఇదే తర్కంపై నడుస్తుంది. పిపరజిన్ 150 డిగ్రీల దాకా వేడిని తట్టుకుంటుంది. అయితే గాఢత ఎక్కువై, కార్బన్ డయాక్సైడ్ తగినంత లేనప్పుడు చల్లని గొట్టాల్లో గడ్డకట్టే స్వభావం దానికి ఉంది.

ఈ అనుభవమే తొలిసారి అయితే, ముందుగా 30 శాతం ఎంఈఏతోనే మీ పరికరాన్ని నడిపి, దాని అంకెలను నమోదు చేసుకోవాలన్నది నా దృఢమైన సలహా. ప్రపంచమంతటా అందరికీ తెలిసిన ఆ ద్రావణంతో వచ్చిన ఫలితాలు పొంతన లేకుండా ఉంటే, లోపం ద్రావణంలో కాక పరికరంలోనో కొలతలోనో ఉందని వెంటనే తేలుతుంది. ఆ ఆధారం లేకుండా కొత్త మిశ్రమం గురించి చేసే ఏ ప్రకటనకూ బలం ఉండదు.

మూడో మెట్టు: ప్రవాహం లెక్క, వేడి లెక్క

ప్లాంటును ముట్టుకోకముందే కాగితం మీద చేయవలసిన లెక్క ఇది. టన్ను కార్బన్ డయాక్సైడ్ అంటే 1000ని 44తో భాగించగా వచ్చే 22.7 కిలోమోల్‌లు. లీన్ లోడింగ్ 0.22, రిచ్ లోడింగ్ 0.47 అనుకుంటే, ఒక్కో మోల్ అమీన్ ఒక చుట్టులో 0.25 మోల్ మోస్తున్నట్లు. అంటే 91 కిలోమోల్‌ల ఎంఈఏ కావాలి. 61 అణుభారంతో గుణిస్తే సుమారు 5.5 టన్నులు, 30 శాతం ద్రావణంగా చూస్తే సుమారు 18.5 టన్నులు. రిచ్ లోడింగ్ సరిగా రాక ఆ తేడా 0.20కి పడిపోతే, అదే పనికి 23 టన్నుల ద్రావణం తిరగాలి.

ఇక వేడిని మూడు ఖాతాలుగా విడదీయండి. మొదటిది చర్యా ఉష్ణం: ఎంఈఏకు మోల్‌కు 85 కిలోజౌల్‌లు అంటే టన్నుకు సుమారు 1.9 గిగాజౌల్. రెండోది ద్రావణాన్ని రీబాయిలర్ ఉష్ణోగ్రతకు చేర్చే వేడి: వేడి లీన్ ద్రావణం నుంచి రిచ్ ద్రావణానికి వేడిని అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ వేడి చివర, రెంటి మధ్య 10 డిగ్రీల తేడా మిగిలితే, 18.5 టన్నులకు, కిలోకు డిగ్రీకి సుమారు 3.6 కిలోజౌల్‌ల చొప్పున 0.67 గిగాజౌల్. మూడోది స్ట్రిప్పర్ పైనుంచి కార్బన్ డయాక్సైడ్‌తో పాటు వెళ్లిపోయే నీటి ఆవిరి: ఒక మోల్ వాయువుకు ఒక మోల్ ఆవిరి వెంట వెళితే, మోల్‌కు 40 కిలోజౌల్‌ల చొప్పున సుమారు 0.9 గిగాజౌల్. మొత్తం 3.5 గిగాజౌల్, సాధారణ ఎంఈఏ ప్లాంట్లలో కనిపించే 3.5 నుంచి 4 గిగాజౌల్ పరిధిలోనే ఇది ఉంది.

ఈ విభజనను మనసులో నాటుకున్నవారికి మిగతా మెట్లు తేలికవుతాయి. మొదటి ఖాతా ద్రావణాన్ని మారిస్తేనే మారుతుంది. రెండోది ప్రవాహాన్ని, హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను బట్టి ఉంటుంది. మూడోది స్ట్రిప్పర్‌ను నడిపే తీరును బట్టి ఉంటుంది. ఏ మార్పు ప్రతిపాదించినా, అది ఏ ఖాతాను తగ్గిస్తుంది, ఏ ఖాతాను పెంచుతుంది అని అడగాలి.

గాఢత గురించిన ప్రశ్న కూడా ఇక్కడే తేలుతుంది. 30 శాతాన్ని 40కి పెంచితే తిరిగే ద్రావణం 18.5 నుంచి 14 టన్నులకు తగ్గుతుంది, రెండో ఖాతా ఆ మేరకు తేలికవుతుంది. ప్రతిగా చిక్కదనం పెరిగి వాయువు ద్రావణంలోకి చొరబడే వేగం తగ్గుతుంది, కార్బన్ స్టీల్ తుప్పు పట్టడం ముమ్మరమవుతుంది. వేడి భాగాలన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో ఉన్నప్పుడు తప్ప ఈ పెంపు జోలికి వెళ్లకపోవడం మేలు.

నాలుగో మెట్టు: లీన్ లోడింగ్‌కు అనువైన చోటు వెతకడం

ప్రక్రియ మొత్తంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ లాభాన్నిచ్చే పని ఇదే. కొత్త పరికరం కొననక్కరలేదు. ఓపిక, క్రమశిక్షణ చాలు.

లీన్ లోడింగ్‌ను బాగా తగ్గిస్తే ఒక్కో చుట్టులో ద్రావణం ఎక్కువ మోస్తుంది కాబట్టి ప్రవాహం తగ్గుతుంది. కానీ చివరి కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించడానికి ఆవిరి విపరీతంగా కావాలి. మూడో ఖాతా ఎగబాకుతుంది. లీన్ లోడింగ్‌ను ఎక్కువగా ఉంచితే ఆవిరి ఆదా అవుతుంది, కానీ ప్రవాహం పెరిగి రెండో ఖాతా బరువెక్కుతుంది. ఈ రెంటి మధ్య ఒక కనిష్ఠం ఉంటుంది. 30 శాతం ఎంఈఏకు, 90 శాతం సేకరణ వద్ద అది సాధారణంగా 0.20కీ 0.25కీ నడుమ ఉంటుంది. మీ పరికరంలో ఖచ్చితంగా ఎక్కడ ఉందో కొలిచి తెలుసుకోవలసిందే.

కొలిచే పద్ధతి ఇలా ఉండాలి. వాయు ప్రవాహాన్ని, అందులోని కార్బన్ డయాక్సైడ్ శాతాన్ని, స్ట్రిప్పర్ పీడనాన్ని కదలకుండా ఉంచండి. సేకరణ లక్ష్యాన్ని 90 శాతంగా నిర్ణయించండి. ద్రావణ ప్రవాహాన్ని ఎక్కువ విలువతో మొదలుపెట్టి, ఐదారు అంచెలుగా తగ్గిస్తూ రండి. ప్రతి అంచెలోనూ సేకరణ తిరిగి 90 శాతానికి వచ్చేదాకా రీబాయిలర్‌కు ఇచ్చే ఆవిరిని సవరించండి. వ్యవస్థలోని మొత్తం ద్రావణం కనీసం మూడుసార్లు చుట్టి వచ్చేంత సమయం ఆగిన తరువాతే కొలతలు తీసుకోండి. తొందరపడి తీసిన కొలత పాత స్థితినే చూపుతుంది. ఆపై గంటపాటు సగటు తీసి, రీబాయిలర్ వేడిని సేకరించిన టన్నులతో భాగించండి. ఆ అంకెలను ద్రావణ ప్రవాహానికి ఎదురుగా గీస్తే అడుగున లోయ ఉన్న వక్రరేఖ వస్తుంది. తక్కువ ప్రవాహం వైపు గోడ నిటారుగా, ఎక్కువ ప్రవాహం వైపు వాలుగా ఉంటుంది. అందుకే నడిపే బిందువును లోయ అట్టడుగున కాక, కాస్త ఎక్కువ ప్రవాహం వైపు పెట్టుకోవాలి. చిన్న ఒడుదొడుకు వచ్చినా అప్పుడు ప్లాంటు నిటారు గోడ ఎక్కదు.

ఒకేసారి రెండు విలువలను మార్చే ఆత్రాన్ని ఇక్కడ గట్టిగా అదుపులో పెట్టుకోవాలి. స్ట్రిప్పర్ పీడనం మారితే ఈ వక్రరేఖ అంతా మారిపోతుంది, అప్పుడు కొలతలన్నీ మొదటికి వస్తాయి.

ఐదో మెట్టు: అబ్సార్బర్‌లోని వేడి

శోషణ వేడిని విడుదల చేసే చర్య కాబట్టి గోపురం మధ్యలోనో పైభాగంలోనో ఉష్ణోగ్రత ఉబ్బుతుంది. 65 నుంచి 75 డిగ్రీల దాకా వెళ్లవచ్చు. వేడి ద్రావణం తక్కువ వాయువును నిలుపుకుంటుంది, రిచ్ లోడింగ్ దెబ్బతింటుంది. గోపురం పొడవునా థర్మోకపుల్‌లు (ఉష్ణోగ్రత కొలిచే తీగలు) అమర్చి ఆ ఉబ్బు ఎక్కడుందో చూడండి. అది రిచ్ లోడింగ్‌ను నిజంగా అడ్డుకుంటున్నట్లు కనిపిస్తే, ద్రావణాన్ని మధ్యలో బయటికి తీసి చల్లబరిచి తిరిగి పంపే ఏర్పాటు చేయవచ్చు. ఎంఈఏకు దీనివల్ల కలిగే లాభం పరిమితమే. ఏఎంపీ, పిపరజిన్ మిశ్రమాలకు చెప్పుకోదగినంత ఉంటుంది. అతిగా చల్లబరిస్తే చర్య వేగమూ తగ్గుతుందన్నది మరవరాదు.

వాయువు, ద్రావణం బాగా కలిసేలా గోపురంలో నింపే ప్యాకింగ్‌పై ద్రావణం సమంగా పరచుకోకపోతే పై లెక్కలేవీ నిలవవు. ఘనమీటరుకు 250 చదరపు మీటర్ల ఉపరితలం గల ప్యాకింగ్ వేసినా, ద్రావణాన్ని దానిపై చల్లే పంపిణీ తొట్టి కొద్దిగా ఒరిగి ఉంటే అందులో కొంత భాగం ఎండిపోయి పనిచేయకుండా పోతుంది. రిచ్ లోడింగ్ ఊహించినంత రానప్పుడు, ద్రావణాన్ని అనుమానించే ముందు ఆ తొట్టి మట్టాన్ని పరీక్షించాలి.

ఆరో మెట్టు: హీట్ ఎక్స్‌ఛేంజర్, స్ట్రిప్పర్

వేడి లీన్ ద్రావణం నుంచి చల్లని రిచ్ ద్రావణానికి వేడిని బదలాయించే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో 10 డిగ్రీల తేడాను 5కి తగ్గిస్తే, పై లెక్క ప్రకారం టన్నుకు 0.33 గిగాజౌల్ మిగులుతుంది. దీనికి దాదాపు రెట్టింపు ఉపరితలం కావాలి. ఏళ్ల తరబడి నడిచే ప్లాంటుకు ఇది చాలాసార్లు గిట్టుబాటు అవుతుంది. రిచ్ ద్రావణంలో కొంత భాగాన్ని వేడి చేయకుండానే స్ట్రిప్పర్ నెత్తికి పంపితే, అది పైకి వచ్చే ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చి, ఆ వేడిని గోపురంలోనే నిలుపుతుంది. మూడో ఖాతాను తగ్గించే చవకైన ఉపాయం ఇదే.

స్ట్రిప్పర్ పీడనం విషయంలో ద్రావణాన్ని బట్టి నిర్ణయం తిరగబడుతుంది. ఎంఈఏ చర్యా ఉష్ణం నీటి బాష్పీభవన ఉష్ణం కంటే రెట్టింపుకు పైగా ఉంటుంది. కాబట్టి ఉష్ణోగ్రత పెంచినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పీడనం నీటి ఆవిరి పీడనం కంటే వేగంగా పెరుగుతుంది, ఆవిరి వృథా తగ్గుతుంది. అందుకే ఎంఈఏను 1.8 నుంచి 2 బార్ పీడనంలో, 120 డిగ్రీల దగ్గర నడుపుతారు. చర్యా ఉష్ణం తక్కువగా ఉండే పొటాషియం కార్బనేట్ వంటి ద్రావణాలకు ఈ లాభం దక్కదు. వాటికి తక్కువ పీడనం, శూన్య పీడనం కూడా అనుకూలించవచ్చు. అయితే ఎంఈఏను 120 డిగ్రీలు దాటించకూడదు. ఆపైన కార్బమేట్ మరిన్ని అమీన్ అణువులతో కలిసి, తిరిగి రాని పెద్ద అణువులుగా మారడం జోరందుకుంటుంది. రీబాయిలర్ గొట్టం గోడ ఉష్ణోగ్రత ద్రావణం కంటే ఎక్కువ ఉంటుందన్న సంగతి కూడా ఈ లెక్కలోకి రావాలి.

ఏడో మెట్టు: ద్రావణం ఆరోగ్యం

పొగ వాయువులోని ఆక్సిజన్ ఎంఈఏను నెమ్మదిగా విరగగొట్టి అమ్మోనియాను, ఫార్మిక్ ఆమ్లం వంటి వాటిని పుట్టిస్తుంది. ద్రావణంలో కరిగిన ఇనుము, రాగి ఈ పనిని ప్రేరేపిస్తాయి. తుప్పు ద్రావణాన్ని చెడగొడుతుంది, చెడిన ద్రావణం తుప్పును పెంచుతుంది. ఈ విషవలయాన్ని మొదట్లోనే పట్టుకోవాలంటే అబ్సార్బర్ నుంచి వెళ్లే వాయువులో అమ్మోనియాను నిరంతరం కొలవడం, ద్రావణంలో ఇనుమును క్రమం తప్పకుండా పరీక్షించడం అవసరం. రెండూ కలిసి పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా కారణం వెతకాలి. వేడికి విడిపోని లవణాలు పేరుకుంటే ద్రావణంలో కొంత భాగాన్ని పక్కకు తీసి, స్వేదనంతోనో అయాన్ మార్పిడితోనో శుద్ధి చేయాలి.

నీటి తూకం కూడా తప్పకూడదు. లోపలికి వచ్చే వాయువు కంటే బయటికి వెళ్లే వాయువు వేడిగా ఉంటే, రోజురోజుకూ నీరు పోయి ద్రావణం చిక్కబడుతుంది. చల్లగా ఉంటే పలచబడుతుంది. గోపురం పైన ఉండే కడుగు నీటి ఉష్ణోగ్రతను సవరించడమే దీనికి మందు. అదే కడుగు ఆవిరి రూపంలో పోయే అమీన్‌ను కూడా పట్టి వెనక్కి ఇస్తుంది. ఎంఈఏ చర్మాన్ని, కళ్లను కాల్చే క్షారమనీ, లీకైన కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది కాబట్టి పల్లపు చోట్ల నిలిచి ఊపిరాడకుండా చేస్తుందనీ పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. తక్కువ మట్టంలో వాయు సూచికలు లేకుండా పని మొదలుపెట్టరాదు.

ఎనిమిదో మెట్టు: కొలతలను కొలవడం

సేకరణ శాతాన్ని మూడు దారుల్లో లెక్కించవచ్చు: వాయువు లోపలికి వచ్చేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు ఉన్న తేడా, ద్రావణ ప్రవాహాన్ని లోడింగ్ తేడాతో గుణించిన మొత్తం, స్ట్రిప్పర్ పైనుంచి వచ్చిన శుద్ధ వాయువు. ఈ మూడూ ఐదు శాతం లోపు తేడాతో కలవాలి. కలవని రోజు కొలతలను వక్రరేఖలో చేర్చకండి.

వాయువు వైపు లెక్కలో ఒక పొరపాటు తరచుగా దొర్లుతుంది. పొడి వాయువులో 12 శాతం లోపలికి వచ్చి 1.5 శాతం బయటికి పోతే, సేకరణ 87.5 శాతమని రాసేస్తారు. వాయువు మొత్తం తగ్గిందన్న సంగతి అందులో లేదు. మారకుండా నిలిచే మిగతా వాయువును ఆధారంగా తీసుకోవాలి: లోపల 88 భాగాలకు 12, బయట 98.5 భాగాలకు 1.5, అంటే 88 భాగాలకు 1.34. కాబట్టి తప్పించుకున్నది 11.2 శాతం, సేకరించినది 88.8 శాతం.

ద్రావణం నమూనాను వేడిగా తీస్తే వాయువు సీసా మూత దగ్గరే పారిపోతుంది. చల్లబరిచే గొట్టం ద్వారా, మూత బిగిసిన పాత్రలోకి తీయాలి. మొత్తం క్షారతను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్ చేసి కనుక్కోవచ్చు. కార్బన్ డయాక్సైడ్‌ను బేరియం క్లోరైడ్‌తో అవక్షేపంగా దించి గాని, ఆమ్లంతో విడిపించి దాని ఘనపరిమాణాన్ని కొలిచి గాని తెలుసుకోవచ్చు. వేడికి విడిపోని లవణాల్లో చిక్కుకున్న అమీన్ ఈ క్షారతలో కనిపించదు కాబట్టి, చేర్చిన అమీన్‌కూ టైట్రేషన్‌లో తేలిన దానికీ మధ్య తేడా పెరుగుతుంటే ద్రావణం ముదురుతున్నదని అర్థం. ముదిరిన ద్రావణంలో పనిచేసే అమీన్ తగ్గి, చిక్కదనం పెరిగి, నాలుగో మెట్టులో గీసిన లోయ పక్కకు జరుగుతుంది. అందువల్ల తాజా ద్రావణంతో ఒకసారి, ఆ తేడా స్పష్టంగా కనబడినప్పుడు మరోసారి, శుద్ధి చేసిన వెంటనే ఇంకోసారి ఆ వక్రరేఖను కొత్తగా గీసి, ప్రవాహాన్ని కొత్త కనిష్ఠానికి తగినట్లు సవరించుకోవాలి.